మైదానంలో రెక్క విరిగితే: టేపు, సీఏ, హాట్ గ్లూ, ఎపాక్సీ... ఏది మేలు?

విరిగిన రేడియో కంట్రోల్ ఫోమ్ విమానాన్ని అదే రోజు మళ్లీ ఎగరేయాలంటే పెట్టెలో ఉండేవి నాలుగు: ఫెవిక్విక్ లాంటి సీఏ గమ్, అయిదు నిమిషాల ఎపాక్సీ, హాట్ గ్లూ, లోపల గాజు దారాలున్న ఫిలమెంట్ టేపు. వీటిలో ఏది గట్టిదని అడిగితే లాభం లేదు. సరిగ్గా అతికితే ఫోమ్ కంటే అన్నీ గట్టివే. ఈసారి అతుకు ఊడదు, పక్కన ఫోమ్ చిరుగుతుంది, అంతే తేడా. అందుకే అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఆ ఫోమ్‌కి ఆ గమ్ పడుతుందా? విరిగిన చోట బలం లాగుతోందా, నొక్కుతోందా? అతికాక ఆ చోట ఎంత బరువు పెరుగుతుంది?

ముందు ఫోమ్ సంగతి

కొనే ఫోమ్ ట్రైనర్లలో, అంటే నేర్చుకునేవాళ్ల విమానాల్లో, ఎక్కువ భాగం ఈపీఓ అనే ఫోమ్. వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయి మళ్లీ లేస్తుంది, విరిచినా పొడి రాలదు. దీనికి మామూలు సీఏ, ఎపాక్సీ, హాట్ గ్లూ మూడూ పడతాయి. థర్మాకోల్ అని మనం పిలిచే ఈపీఎస్ అలా కాదు. మామూలు సీఏ చుక్క పడగానే కరిగి గుంట పడుతుంది, అతకాల్సిన ముఖమే మాయమవుతుంది. డెప్రాన్ అనే పల్చటి పాలిస్టైరిన్ షీట్లదీ అదే తంతు. వీటికి ఫోమ్‌సేఫ్ అని రాసి ఉన్న సీఏ వాడాలి, లేదా ఎపాక్సీ. చెప్పులు అతికే రకం రబ్బరు గమ్‌లలోని ద్రావకం కూడా థర్మాకోల్‌ని తినేస్తుంది. ఏ ఫోమో తెలియకపోతే విరిగిన ముఖం లోపలివైపు, బయటికి కనబడని చోట ఒక చుక్క వేసి నిమిషం ఆగి చూడండి.

అతికే ముందు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మంచిది. పెట్రోలు, థిన్నర్, గోళ్ల రంగు తీసే అసిటోన్ ఈపీఎస్ దగ్గరికి రానివ్వకూడదు. చేతికి దొరికిందని శానిటైజర్ జెల్‌తో తుడిచేవాళ్లున్నారు. అందులో చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది, ఆ జిడ్డు మీద టేపు నిలవదు.

రెక్క: టేపుదే పైచేయి

ఒక లెక్క చూద్దాం. కిలో బరువు, 120 సెం.మీ. రెక్క ఉన్న ట్రైనర్. డైవ్ నుంచి గట్టిగా పైకి లాగితే 4 జీ (బరువుకి నాలుగింతల బలం) సులువుగా వస్తుంది. అంటే ఒక్కో వైపు రెక్క 2 కిలోల బలం మోస్తోంది. ఆ బలం రెక్క మొదలు (విమానం ఒంటికి కలిసే చోటు) నుంచి సుమారు 25 సెం.మీ. దూరంలో పనిచేస్తోందనుకుంటే మొదలు దగ్గర వంచే బలం 50 కిలో-సెం.మీ. రెక్క మందం అక్కడ 2 సెం.మీ. అయితే కింది పొర మీద దాదాపు 25 కిలోల లాగుడు, పై పొర మీద అంతే నొక్కుడు. నొక్కుడుని ఫోమ్ కొంతవరకు ఓర్చుకుంటుంది. లాగుడుని ఓర్చుకోలేదు. గాలిలో రెక్క చిరగడం కింది వైపునుంచే మొదలవుతుంది.

ఇప్పుడు ఎంపికలు చూడండి. విరిగిన ముఖాలకి సీఏ రాసి అతికితే ఆ 25 కిలోలూ పక్కనున్న ఫోమ్ మీదే పడతాయి. మధ్యలో ఒక 3 మి.మీ. వెదురు పుల్ల గుచ్చితే? అది ఒంటరిగా ఓర్చుకునేది సుమారు 4 కిలో-సెం.మీ., కావలసినదాంట్లో పదో వంతు కూడా కాదు. పైగా రెక్క మందానికి సరిగ్గా మధ్యలో ఉన్న పుల్ల వంపుని ఆపేది చాలా తక్కువ. ముక్కలు అటూ ఇటూ జరగకుండా పట్టుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది. అదే 25 మి.మీ. ఫిలమెంట్ టేపు కింది పొర మీద అంటిస్తే లాగుడు అంతా గాజు దారాల్లోకి పోతుంది. సరిగ్గా అతుక్కుంటే 25 కిలోలు దానికి భారమే కాదు. తెగడం కన్నా అంచు నుంచి లేవడమే దీని బలహీనత. మామూలు ప్యాకింగ్ టేపు తెగేలోపే బాగా సాగుతుంది. సాగితే అతుకు తెరుచుకుంటుంది, రెక్క పైకి వంగుతుంది. ఫిలమెంట్ లేనప్పుడు ఆ పూట గడవడానికి రెండు మూడు పొరలు వేయొచ్చు, కానీ లూపులు మాత్రం వద్దు.

పని వరస ఇది. ముక్కల్ని గమ్ లేకుండా ఒకసారి కలిపి చూడండి, నలిగిన గింజలు అడ్డం వస్తే బ్లేడుతో తీసేయండి. 3 మి.మీ. వెదురు పుల్లలు రెండు, అంటే కబాబు పుల్లలు, ముందంచు నుంచి పావు వంతు దగ్గర ఒకటి, సగం దాటాక ఒకటి, ఒక్కో వైపు 8 నుంచి 10 సెం.మీ. లోపలికి పోయేలా గుచ్చండి. ముందు ఒక సగంలోకి గుచ్చి, రెండో సగంలో గుర్తు పెట్టుకుని, బయటికి తీసి ఎపాక్సీ పూసి మళ్లీ పెట్టండి. ముఖాలకి పల్చగా ఎపాక్సీ, లేదా ఈపీఓ అయితే మందపు సీఏ. కలిపాక కింద, మొదలు నుంచి చివర వైపు పోయేలా రెండు పట్టీలు, పైన ఒకటి. పగులుకి ఒక్కో వైపు కనీసం 12 సెం.మీ. ఉండాలి. పట్టీల చివరలు ఒకే గీత మీద ఆగకూడదు, ఒకటి పొడుగ్గా ఒకటి పొట్టిగా వేయండి. అన్నీ ఒకే చోట ఆగితే తరువాతి దెబ్బకి రెక్క సరిగ్గా అక్కడే విరుగుతుంది. చివరగా ముందంచు చుట్టూ ఒక అడ్డ పట్టీ చుడితే గాలికి టేపు లేవదు. మొత్తం పది గ్రాములు దాటదు.

వెదురు పుల్లా, కార్బన్ రాడా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. 3 మి.మీ. కార్బన్ రాడ్ వెదురు కన్నా అయిదారు రెట్లు ఎక్కువ వంపు ఓర్చుకుంటుంది, బరువు రెండింతలకి పైచిలుకు. రాడ్ ఉంటే అదే పెట్టండి. రిసీవర్ యాంటెన్నా దాని పక్కనుంచి పోకూడదు, కార్బన్ 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాన్ని అడ్డుకుంటుంది. కొబ్బరి చీపురు పుల్లలు రెక్కకి పనికిరావు, సన్నగా ఉండి వంగిపోతాయి. పల్చటి తోక షీటు పగిలితే మాత్రం అవే సరైనవి.

సీఏ ఎక్కడ మేలు

బాల్సా అనే తేలిక చెక్కతో చేసిన విమానాలకి మైదానంలో సీఏని మించింది లేదు. రెక్క లోపలి పక్కటెముక విరిగితే ముక్కలు పక్కాగా కుదిరినప్పుడు పల్చటి సీఏ ఒక చుక్క చాలు, పగుల్లోకి అదే పాకుతుంది. ఖాళీ ఉంటే పల్చటిది నిలవదు. మందపు సీఏ వేయాలి, లేదా ఖాళీలో తినే సోడా కూరి పైన పల్చటిది వేయాలి. సోడాతో క్షణంలో రాయిలా అవుతుంది, వేడి, ఆవిరి వస్తాయి, మొహం దూరంగా పెట్టుకోండి. గట్టిపడేలా చేసే కిక్కర్ స్ప్రే ఒక ముఖానికి, సీఏ రెండో ముఖానికి. కిక్కర్ ఎక్కువైతే గమ్ తెల్లగా నురగ కట్టి పెళుసుగా మారుతుంది. చెడేది ఎక్కువగా ఇక్కడే.

సీఏ దెబ్బలకి ఓర్చుకోదు. ల్యాండింగ్ గేర్ మౌంటు, మోటారు వెనక ప్లై లాంటి చోట్ల పటుక్కున ఊడుతుంది. ఇంకో మాట: నూలు గుడ్డ మీద సీఏ ఒలికితే గుడ్డ పొగ వచ్చేంత వేడెక్కుతుంది. చర్మం కాలుతుంది. ఒలికిన సీఏని చేతిరుమాలుతో తుడవకండి.

హాట్ గ్లూ: సంక్రాంతికి సరే, మే నెలలో?

నిమిషంలోపు చల్లారుతుంది, ఖాళీలు నింపుతుంది, చేయి తిరిగినవాళ్లకి ఇంతకంటే వేగమైన పని లేదు. అందుకే అందరూ దీని మీదికే పోతారు. కానీ ఈ గమ్ 60 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలవుతుంది. మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసిన కారు లోపల, నల్లరంగు వేసిన రెక్క పైన, ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. ఉదయం గట్టిగా ఉన్న మోటారు మౌంటు మధ్యాహ్నానికి పక్కకి ఒరుగుతుంది. మోటారు తానే వేడెక్కుతుంది కూడా. కాబట్టి హాట్ గ్లూ సర్వోని (రెక్క, తోక పలకల్ని కదిపే చిన్న మోటారుని) దాని గూట్లో నిలబెట్టడానికి, వైర్లు పట్టుకోవడానికి, కానపీ (పైమూత) అయస్కాంతానికి బాగుంటుంది. రెక్కకి, మోటారుకి వద్దు. ఎక్కువ వేడి గన్ను ముక్కు 190 డిగ్రీల దాకా పోతుంది, థర్మాకోల్ దగ్గర అది కత్తితో సమానం. తక్కువ వేడి గన్ను వాడండి, లేదా గమ్‌ని ముందు అట్టముక్క మీద వేసి కాస్త ఆగి పూయండి.

బరువు కూడా చూడాలి. 11 మి.మీ. లావు, 10 సెం.మీ. పొడవున్న ఒక గ్లూ కర్ర దాదాపు 9 గ్రాములు. విరిగిన తోకకి సగం కర్ర పూశారనుకోండి, 4.5 గ్రాములు. అది సీజీకి (విమానం సమతూకంగా నిలిచే గురుత్వ కేంద్రానికి) 60 సెం.మీ. వెనక ఉంటే, 15 సెం.మీ. ముందున్న ముక్కులో 18 గ్రాముల సీసం పెట్టాలి. తోక అతకడానికి టేపు, చీపురు పుల్ల, రెండు చుక్కల గమ్. అంతకు మించి ఏదీ వద్దు.

మోటారు ఫైర్‌వాల్: ఎపాక్సీ ఒక్కటే

ఫైర్‌వాల్ ప్లై, అంటే ముక్కులో మోటారు బిగించే ప్లైవుడ్ పలక, ఊడి వస్తే అయిదు నిమిషాల ఎపాక్సీకి పోటీ లేదు. అరాల్డైట్ స్టాండర్డ్ ప్యాకు ఈ పనికి రాదు, అది రాత్రంతా ఆరాలి. అయిదు నిమిషాలది అని చూసి కొనండి. ఎం-సీల్ గట్టిదే, కానీ బరువు, ముక్కులో తప్ప ఇంకెక్కడా దాన్ని తలుచుకోవద్దు.

రెండు గొట్టాల నుంచి సమానంగా తీసి పూర్తి నిమిషం పాటు కలపాలి, అంచుల్లో ఉన్నదాన్ని కూడా గోకి కలపాలి. అతుకు జిగురుగానే ఉండిపోయిందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే: కొలత తప్పడం, లేదా కలపడం చాలకపోవడం. ఎండలో ఎపాక్సీ త్వరగా బిగుస్తుంది. కుప్పగా ఉంచితే తన వేడికి తానే ఇంకా తొందరపడుతుంది, కాబట్టి కలపగానే అట్ట మీద పల్చగా పరచండి, నీడలో పని చేయండి. పూసి నొక్కాక, పక్కగోడ నుంచి ప్లై అంచులోకి 2 మి.మీ. రంధ్రాలు నాలుగు చేసి టూత్‌పిక్కులు ఎపాక్సీతో దిగేయండి, బయట మిగిలిన పుల్ల చివరలు కోసేయండి. గమ్ ఊడినా పుల్లలు పట్టుకుంటాయి. మోటారు కొంచెం కుడికి, కొంచెం కిందికి చూసేలా ఫ్యాక్టరీలో పెట్టిన కోణం ఉంటుంది. ఆరేలోపు దాన్ని సరిచూసుకోవాలి, ఆరాక తెలిస్తే చేసేదేం లేదు. 20 నిమిషాలకి ముందు మోటారు తిప్పవద్దు.

నూనె కలిపిన ఇంధనంతో నడిచే గ్లో ఇంజను విమానమైతే ప్లై నూనె పీల్చి ఉంటుంది. నూనెలో నానిన చెక్కకి ఏ గమ్మూ అంటదు. ఆ రోజుకి అది ఇంటికే.

అతకకూడనివి

ప్రొపెల్లరు. 10 అంగుళాల ప్రొపెల్లరు 8,000 ఆర్పీఎం దగ్గర చివర వేగం గంటకి 380 కి.మీ. దాటుతుంది. అంచు చెక్కుకుపోయినా పారేయాలి, సీఏ పెట్టి నింపడం ప్రమాదం. సొట్టపడిన, ఉబ్బిన లైపో బ్యాటరీని విమానంలోంచి తీసి, ఎండుగడ్డికీ కారుకీ దూరంగా మట్టి నేల మీద కనీసం 20 నిమిషాలు ఉంచి గమనించాలి. మళ్లీ పెట్టకూడదు. పళ్లు అరిగిన 9 గ్రాముల సర్వోని బాగు చేయడం కన్నా రెండు కొత్తవి పెట్టెలో ఉంచుకోవడం చవక. విరిగిన క్లెవిస్‌కీ (పుష్‌రాడ్ చివరి కొక్కెం) గమ్ పెట్టకూడదు. వంగిన పుష్‌రాడ్, అంటే సర్వో నుంచి పలకకి పోయే తీగ, మాత్రం మార్చుకోవచ్చు, సైకిలు దుకాణంలో దొరికే 2 మి.మీ. స్పోకు చక్కగా సరిపోతుంది. పుష్‌రాడ్ తగిలించే కంట్రోల్ హారన్ ఫోమ్ చింపుకుని ఊడితే పాత ఏటీఎం కార్డు ముక్కలు రెండు పైనా కిందా పెట్టి వాటి గుండా స్క్రూలు బిగించండి, ఐస్‌క్రీమ్ పుల్ల కన్నా ఇదే నయం.

ఎగరేసే ముందు

వెనకనుంచి చూసి రెండు రెక్కలూ మెలితిరగకుండా ఉన్నాయో లేదో చూడండి. అతికిన వైపు కాస్త మెలి ఉన్నా నెమ్మది వేగంలో ఒక రెక్క ముందే జారుతుంది. తరువాత రెక్క రెండు చివరలూ పట్టుకుని విమానాన్ని ఎత్తండి. పై లెక్క ప్రకారం అప్పుడు రెక్క మొదలు దగ్గర పడేది 30 కిలో-సెం.మీ., అంటే దాదాపు 2.4 జీ. సీజీ దగ్గర అర లీటరు నీళ్ల సీసా వేలాడదీసి ఎత్తితే 3.6 జీ, లీటరు సీసాతో 4.8. అర లీటరుకి అతుకు నోరు తెరవకపోతే మామూలుగా ఎగరొచ్చు, ఏరోబాటిక్స్‌కి లీటరు సీసా ఓర్చుకోవాలి. సీజీ, కంట్రోళ్ల దిశ, ట్రాన్స్‌మిటర్‌ని రేంజ్ టెస్ట్‌లో పెట్టి 30 అంగల (దాదాపు 28 మీటర్ల) దూరం, ఇవన్నీ మామూలే. యాంటెన్నా చివర 31 మి.మీ. తెగిందేమో మాత్రం చాలామంది చూడరు, చూడండి.

ఇంట్లో శాశ్వతంగా బాగుచేయాలనుకుంటే మైదానంలో ఏది వాడారన్నది మళ్లీ ముందుకొస్తుంది. హాట్ గ్లూ అంచుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి కాసేపు ఆగితే శుభ్రంగా ఊడుతుంది. టేపుని హెయిర్ డ్రయర్ తక్కువ వేడితో కొద్దిగా కాచి, అంచు వెంట మడిచి లాగితే ఫోమ్ చిరగదు. సీఏ పూసిన గీత మాత్రం ఫోమ్ కన్నా చాలా గట్టిగా ఉండి ఇసుక కాగితం కింద దిబ్బలా మిగిలిపోతుంది, అటూ ఇటూ 5 మి.మీ. కోసి కొత్త ముక్క పెట్టడం తప్ప దారి లేదు. రెక్కని ఎలాగూ ఇంట్లో తిరిగి కడతామనుకున్నప్పుడు మైదానంలో సీఏ సీసా మూత తీయకుండా పుల్లలు, టేపుతోనే పని కానిస్తే ఆ కోతలన్నీ తప్పుతాయి.