జీపుకు డిస్క్ బ్రేకులు వేయించిన నాలుగేళ్లకు, ఒక చిన్న వాల్వు గురించి

పొద్దున్నే జీపు స్టార్ట్ చేసి బ్రేకు మీద కాలు పెట్టగానే, మొదటి తొక్కుకే పెడల్ పైన గట్టిగా ఆగితే నాకు ఇప్పటికీ సంతోషం. డిస్కులు వేయించిన కొత్తలో ఎనిమిది నెలల పాటు అదే పెడల్ నేల దాకా దిగిపోయేది మరి.

మాది నాన్నగారి నాటి సీజే 3బీ. ఉండేది పాడేరు వైపు. వానాకాలంలో ఒక గెడ్డ దాటితే చాలు, డ్రమ్ముల్లోకి నీళ్లు పోయి కాసేపు బ్రేకు ఉన్నా లేనట్టే. అందుకే ముందు చక్రాలకు బొలెరో డిస్కులు, వాటిని ప్యాడ్లతో రెండు వైపులా నొక్కిపట్టే కాలిపర్లు వేయించాను. వెనక డ్రమ్ములు అలాగే ఉంచాం. కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేదు. బండి ఆగడం బ్రహ్మాండంగా ఉంది. పెడల్ ఒక్కటే మెత్తన.

మొదటి తప్పు తొందరగానే దొరికింది. కుడి కాలిపర్ ఎడమకు, ఎడమది కుడికి పడ్డాయి. దాంతో లైన్లోని గాలి బయటికి తీసే బ్లీడింగ్ నిపుల్ కింది వైపుకు వచ్చింది. గాలి పైకి చేరుతుంది కదా, నిపుల్ కింద ఉంటే ఎన్ని డబ్బాల బ్రేక్ ఆయిల్ పోసినా పైన బుడగ అలాగే ఉంటుంది. మార్చి బిగించాక స్పాంజిలా సాగడం పోయింది. కానీ బండి కాసేపు నిలబెట్టి తీస్తే మొదటి తొక్కుకు పెడల్ దిగిపోయేది. వెంటనే రెండోసారి తొక్కితే రాయిలా ఉండేది.

ఈ తేడా పట్టుకోకుండా మేం చాలా ఆయిల్ వృథా చేశాం. లైన్లో గాలి ఉంటే ఎన్నిసార్లు తొక్కినా ఎంతో కొంత సాగుతూనే ఉంటుంది. మొదటిది మెత్తగా, రెండోది గట్టిగా ఉంటే కారణాలు వేరు. వెనక డ్రమ్ము లోపల రాసుకుని బండిని ఆపే షూలు డ్రమ్ముకు దూరంగా ఉండొచ్చు. వీల్ బేరింగ్ లూజై డిస్కు ఊగుతూ ప్యాడ్లను లోపలికి నెట్టేస్తుండొచ్చు. లేదా కాలిపర్లలో ఆయిల్ వెనక్కి పోతుండొచ్చు. షూలు సరిచేశాం, బేరింగులు బిగించాం, మళ్లీ గాలి తీశాం. ఫలితం లేదు. చివరికి మేస్త్రి ముందు రెండు హోసు పైపులనూ రబ్బరు నలగకుండా క్లాంపులతో నొక్కి పట్టించి, ఓ గంటాగి నన్ను తొక్కమన్నాడు. మొదటి తొక్కుకే పెడల్ పైన ఆగింది. అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ను లైన్లలోకి నెట్టే మాస్టర్ సిలిండర్ బాగుంది, వెనక డ్రమ్ములు బాగున్నాయి, జబ్బు ముందు చక్రాల వైపే.

"పెద్ద మాస్టర్ సిలిండర్ వేసేద్దాం బాబూ, పెడల్ పైకొచ్చేస్తుంది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పిస్టన్ పెద్దదైతే పెడల్ తక్కువ దిగుతుంది, నిజమే. కానీ అదే కాలి బలానికి లైన్లో ప్రెషర్ తగ్గుతుంది. బూస్టర్ లేని బండికి ఘాటు రోడ్డులో అది మంచిది కాదు.

దారి చూపింది మా వాకిలి. అది ఏటవాలుగా ఉంటుంది. బండి ముందు భాగం ఎగువకు పెట్టి పడుకుంటే పొద్దున పెడల్ నేలకు తగిలేది. దిగువకు పెట్టిన రోజు దాదాపు బాగానే ఉండేది. వారం రోజులు మార్చి మార్చి పెట్టి చూశాను, ఒక్కసారి కూడా తప్పలేదు.

ఈ జీపుల్లో మాస్టర్ సిలిండర్ ఫ్లోరు కింద ఛాసిస్‌కు ఉంటుంది. కాలిపర్లు దానికి సమానంగానో పైనో ఉంటే ఆయిల్ నెమ్మదిగా వెనక్కి జారి, ప్యాడ్లు డిస్కుకు దూరమవుతాయి. పాత డ్రమ్ము మాస్టర్‌లో ఆయిల్ పూర్తిగా వెనక్కి రాకుండా ఒక చెక్ వాల్వు ఉండేది. ఆ ప్రెషర్‌కు డిస్కులు పట్టేసి వేడెక్కుతాయని పని చేసినవాళ్లు దాన్ని తీసేశారు. తీయడం సరైనదే. దాని బదులు ఏదీ పెట్టకపోవడం మీదే నాకు ఇప్పటికీ కోపం.

లైన్లో కొద్దిపాటి ప్రెషర్ నిలిపి ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రెసిడ్యువల్ ప్రెషర్ వాల్వులు రెండు తెప్పించాం. ముందు లైనుకు 2 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) నిలిపేది, వెనక డ్రమ్ముల లైనుకు 10 పీఎస్‌ఐది. ఒక్కోటి బొటనవేలంత. బాణం గుర్తు చక్రాల వైపు ఉండేలా బిగించి, దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి గాలి తీశాం. ఆ రాత్రి కావాలనే బండి ముందు భాగం ఎగువకు పెట్టాను. తెల్లారి చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లి తొక్కాను. నేలకు ఇంకా నాలుగు వేళ్ల ఎత్తుండగానే ఆగింది. ఇవాళ్టికీ అక్కడే ఆగుతోంది.

బ్రహ్మాండం అన్నాను గానీ, ఘాటు దిగేటప్పుడు ఇప్పటికీ సెకండ్ గేరు మీదే ఆధారపడతాను. బూస్టర్ లేని డిస్కులకు కాలి బలం బాగానే కావాలి. మా ఆవిడ ఈ బండి నడపడం మానేసింది. బురదకు ప్యాడ్లు తొందరగా అరుగుతున్నాయి. గెడ్డ దాటాక డిస్కులు రెండు తొక్కులకే ఆరిపోతాయి గానీ వెనక డ్రమ్ములు నానుతూనే ఉంటాయి, కాబట్టి నేను కోరుకున్నది సగమే తీరింది.

మైదానంలో ఎండ రోడ్ల మీద తిరిగే జీపైతే, షూలు సరిగ్గా సరిచేసిన డ్రమ్ములే చాలేమో. ఫ్లోరు పెడల్ తీసేసి, వేలాడే పెడల్‌తో మాస్టర్ సిలిండర్‌ను పైకి ఎక్కిస్తే ముందు లైనుకు ఈ 2 పీఎస్‌ఐ వాల్వు అక్కర్లేదు, బూస్టర్ కూడా పెట్టుకోవచ్చు. దానికి ఇంజినుకూ కూర్చునే చోటుకూ మధ్య ఉండే రేకు, ఫైర్‌వాల్, కోయాలి. నాన్నగారి బండి, నాకు మనసొప్పలేదు.