ఆరుద్ర కార్తెలో రెండు ప్రయాణాలు: తాటిపూడి, మందస పుట్టగొడుగులు

వానలు మొదలయ్యాయంటే నాకు ఆదివారం ఇంట్లో నిలవబుద్ధి కాదు. విజయనగరంలో కాపురం, ఆరేళ్లుగా పుట్టగొడుగుల వెంట తిరగడం. ఈ ఏడు ఆరుద్ర కార్తెలో నేనూ మా బావమరిదీ రెండు వారాలు రెండు దిక్కులు వెళ్లాం. ఒకటి మా పక్కనున్న తాటిపూడి, రెండోది శ్రీకాకుళం జిల్లాలో మహేంద్రగిరి కొండ కింద మందస. ఈ సరదా ఉన్నవాళ్లకు ఏది పనికొస్తుందో చెబుదామని రాస్తున్నాను.

తాటిపూడి గురించి ఎక్కువ లేదు. గోస్తని మీది ఆ జలాశయం వానాకాలంలో కళ్లు తిప్పుకోనివ్వదు. బండి మీద పొద్దున్న వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికి చేరొచ్చు, బస ఖర్చు లేదు. కానీ దారి పక్క పుట్టలన్నీ మేం వెళ్లేసరికే ఖాళీ. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తెల్లారకముందే వచ్చి కోసుకుపోతారు, అది వాళ్ల హక్కు కూడా. తిరుగుదారిలో ఒక ముసలమ్మ అడ్డాకుల్లో కుప్పలు పోసి అమ్ముతుంటే మూడొందలకు ఒక కుప్ప కొన్నాం. కూరకైతే అదే సుఖం. వెతుక్కోవాలన్న తపన ఉన్నవాళ్లకు మాత్రం తాటిపూడి చాలదు.

మందస వేరు. విజయనగరంలో సాయంత్రం పలాస ప్యాసింజరు ఎక్కి, రాత్రికి కాశీబుగ్గలో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే. కానీ తెల్లవారుజామున నాలుగున్నరకు గేటు తీయాలని రాత్రే రెండుసార్లు చెప్పినా తాళం వేసి పడుకున్నారు. తలుపు కొట్టి కొట్టి బయటపడేసరికి ఆరు. పగటిపూట తిరిగేవాళ్లకు ఇది చిన్న విషయమే. పుట్టగొడుగుకి గంటన్నర అంటే చాలా ఎక్కువ. తెల్లారగట్ల మొగ్గగా ఉన్నది ఎండెక్కేసరికి విచ్చుకుని పురుగు పట్టేస్తుంది. అప్పటిదాకా రోడ్డు మీద వానలో మా కోసం కాచుకున్న ఆటో అబ్బాయిని మాత్రం మెచ్చుకోవాలి. రోజంతటికీ పన్నెండొందలు అన్నాడు, ఆలస్యానికి పైసా ఎక్కువ అడగలేదు.

ముందే మాట్లాడిపెట్టుకున్న సవర గిరిజన మహిళ ఒకరు కొండ కింద ఊళ్లో కలిశారు. మా కంటే పెద్దావిడ, అప్పా అని పిలిచాం. ఆవిడ నడక మా పరుగు. జీడితోటలు దాటి వాలు ఎక్కాక, ఒక పుట్ట పక్కన తెల్లగా నాలుగు కనిపించగానే మా బావమరిది వంగి చెయ్యి పెట్టాడు.

"అలగ పీకీకు బాబూ. మొదలు దాకా మట్టి తియ్యి, ఏరు సూడాల" అంది.

పుల్లతో తవ్వితే కాడ ఆగలేదు. సన్నబడుతూ మూరెడు లోతుకి, పుట్ట లోపలికి వేరులా దిగిపోయింది. పైన గొడుగు నడిమధ్య మొన తేలి ఉంది. ఆ మొనతోనే అది గట్టి నేలను చీల్చుకుని పైకి వస్తుంది. టెర్మిటోమైసిస్ అని శాస్త్రం పిలిచే జాతి ఇదే. చెదపురుగులు ఎండుకట్టె, ఆకు నమిలి పుట్ట లోపల స్పాంజి లాంటి అరలు కట్టి, వాటి మీద ఈ శిలీంధ్రాన్ని సాగు చేస్తాయి. కట్టెని అది అరిగిస్తే చెదలు తింటాయి. ఒకటి లేనిదే రెండోది బతకదు. అందుకే దీన్ని పాల పుట్టగొడుగులా షెడ్డులో పెంచి అమ్మడం కుదరదు. పుట్టకీ గొడుగుకీ ఉన్న ఈ చుట్టరికాన్ని మన భాష పేరులోనే కట్టిపెట్టుకుంది. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకో చోట అచ్చం అంత తెల్లగానే ఉన్నదాన్ని తవ్వి చూపించింది. కింద వేరు లేదు, గుడ్డు పెంకులాంటి సంచి ఉంది. "ఇది మనది కాదు" అని ఒగ్గేసింది, ఆ చెయ్యి కాలవలో కడుక్కుంది. సంచి ఉన్నవాటిలో అమానిటా జాతివి కొన్ని ప్రాణం తీస్తాయి. ఆ విషం ఉడికించినా పోదు. తిన్న ఆరు గంటలకో, ఇంకా ఆలస్యంగానో వాంతులు మొదలవుతాయి, మధ్యలో తగ్గినట్టే తగ్గి తర్వాత కాలేయం దెబ్బతింటుంది. వెండి చెంచా నల్లబడకపోతే మంచిదని, పురుగు కొరికితే మంచిదని దారిలో టీ కొట్టు దగ్గర ఒకాయన గట్టిగా వాదించాడు. రెండూ అబద్ధమే. అనుమానం వస్తే వాంతుల కోసం ఎదురు చూడకుండా 108కి ఫోను చేసి, మిగిలిన ముక్క పట్టుకుని ఆసుపత్రికి పోవాలి. నేను రాసింది చదివి ఎవరూ ఏదీ కోసి తినొద్దు. చూపించే మనిషి పక్కన ఉండాలి.

అప్ప ప్రతి పుట్ట దగ్గరా సగం కోసి సగం వదిలింది, తవ్విన మట్టి మళ్లీ కప్పింది. పుట్ట పగలకపోతే వచ్చే ఏడు అదే చోట లేస్తాయి. ఏ పుట్టకి ఎవరు వస్తారో కూడా ఆవిడకు తెలుసు. ఒకటి నిండుగా పూసి ఉన్నా దాన్ని ముట్టనివ్వలేదు, అది పక్కింటి వాళ్లదట.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే వండింది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి మగ్గించి, దించే ముందు ఆవ పెట్టింది. మాంసం నమిలినట్టు ఉంటుంది కానీ మట్టివాసన కలిసిన తీపి ఒకటి నాలిక మీద నిలుస్తుంది. పక్కన చోడి (రాగి) అంబలి. ఆ రాత్రి ఉండిపొమ్మని అరుగు చూపించారు. లాడ్జి గదికీ ఆ అరుగుకీ పోల్చమంటే, దోమతెర తెచ్చుకుంటే అరుగే మేలు. గేటు తాళం ఉండదు, పుట్టలు నడక దూరం. మరుగుదొడ్డి మాత్రం ఊరి చివర ఉంది, చిన్నపిల్లలతో వచ్చేవాళ్లకు కష్టం. మాకు లాడ్జిలో సామాను ఉండటంతో వెనక్కి రావాల్సి వచ్చింది.

వచ్చేటప్పుడు గుడారి రాజమణిపురంలో ఆగాం. మందస జమీందారీలో అడవి కట్టెల హక్కు కోసం లేచిన రైతుల ముందు నిలబడి 1940 ఏప్రిల్ 1న పోలీసు కాల్పుల్లో ప్రాణాలొదిలిన వీర గున్నమ్మ ఊరు అది. పొద్దున్నుంచి ఆ కొండవాలులో మాకు దొరికిన ప్రతి పుట్టగొడుగూ ఎవరి అడవిలోదో అక్కడ నిలబడితే తెలిసింది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నపాటి అటవీ ఫలసాయం గిరిజనులకు హక్కుగా రాసింది. మాలాంటి వాళ్లం వాళ్లు పిలిస్తేనే వెళ్లాలి. అప్ప అడిగింది నాలుగొందలే, మేం వెయ్యి ఇచ్చాం. ఒక కూలిరోజు పోగొట్టుకుని మా ప్రాణాలకు కాపలా ఉన్న మనిషికి అది తక్కువే.

మందసలో కోవా, కాశీబుగ్గలో జీడిపప్పు కొన్నాం, రెండూ బాగున్నాయి.

లాడ్జి వెనక గడ్డిలో మా బావమరిదికి అరచేయంత తెల్ల గొడుగులు దొరికాయి. గొడుగు కింద రేకుల్లా ఉండే మొప్పలు తెల్లగానే ఉన్నాయి, సంచి లేదు, వండుకుందామన్నాడు. ఒక గొడుగుని తెల్లకాగితం మీద బోర్లించి పైన గ్లాసు మూసి పడుకున్నాం. రాలిన సిద్ధబీజాల, అంటే విత్తనాల్లాంటి పొడి, రంగు చూడ్డానికి ఇది సులువైన పద్ధతి. తెల్లారి గ్లాసు తీస్తే కాగితం మీద పాచి ఆకుపచ్చ ముద్ర. ఆ రంగు పడిందంటే అది క్లోరోఫిల్లం మోలిబ్డైటిస్, తిన్నవాళ్లని వాంతులతో విరేచనాలతో మంచాన పడేసేది. లేతగా ఉన్నప్పుడు దాని మొప్పలు తెల్లగానే ఉంటాయి. మా బావమరిది ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకున్నాడు. పునర్వసు కార్తెకి మళ్లీ వస్తామని అప్పకి ఫోను చేసి చెప్పింది కూడా అతనే.