నల్లగొండలో కెరీర్ కౌన్సెలింగ్: మూడు వేలు ఎక్కడ ఫలించాయి, ఎక్కడ పోయాయి

నల్లగొండలో ఒక మేడ మీద నడిచే కెరీర్ కౌన్సెలింగ్ సెంటర్ గురించి రాస్తున్నాను. పేరు రాయను. ఇలాంటి బోర్డులు ఊళ్ళో ఇంకా ఉన్నాయి, ఇంచుమించు అందరూ అమ్మేది ఒకటే. పదో తరగతి, ఇంటర్ అయిన పిల్లలతో మాట్లాడి, ఏదో పరీక్ష పెట్టి, ఏం చదివితే బాగుంటుందో చెబుతారు. మూడు వేలు తీసుకుంటారు. ఇంకో పదిహేను వందలు ఇస్తే వెబ్ ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీలు, బ్రాంచీల వరస ఆన్‌లైన్లో పెట్టే పని కూడా వాళ్ళే చేస్తామంటారు. ఐదుకి మూడు మార్కులు వేస్తాను. ఆ మూడూ అక్కడ కూర్చునే ఒక పెద్దాయనవే.

నాది హాలియాలో మోటార్లు రీవైండింగ్ చేసే షాపు. మా అక్క కూతురు సర్కారు కాలేజీలో ఇంటర్ ఎంపీసీ పాసైంది. ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌లో నలభై వేలు దాటిన ర్యాంకు వచ్చింది. మా బావకు సాగర్ ఎడమ కాలువ కింద రెండెకరాలు ఉన్నాయి. ఆయనకు ఈ ర్యాంకుల లెక్క తెలియదు, నాకూ అంతంతే. పిల్ల ఫోన్‌కు రోజూ ఏదో ఒక కాలేజీ నుంచి కాల్. "మేడమ్, మీకు సీటు కన్ఫర్మ్" అంటారు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లను మేడమ్ అని పిలుస్తుంటే ఇంట్లో అందరికీ టెన్షన్. అందుకే తీసుకెళ్ళాను.

మొదట ఆప్టిట్యూడ్ టెస్ట్. చిన్న గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి గంటకు పైగా ప్రశ్నలు అడిగారు. అన్నీ ఇంగ్లీషులోనే. సెలవుల్లో మ్యూజియానికి వెళ్తావా, ట్రెక్కింగ్‌కు వెళ్తావా? స్నేహితుల పార్టీలో నువ్వు ముందుండి నడిపిస్తావా, పక్కన నిలబడతావా? మా పిల్ల సెలవుల్లో పత్తి ఏరడానికి పోతుంది, లేకుంటే నా షాపులో కూర్చుని బిల్లులు రాస్తుంది. మధ్యలో తలుపు తీసి, "మామా, గీ రెండింట్ల ఏదీ కాకుంటే ఏం నొక్కాలె?" అని అడిగింది. అక్కడున్న అమ్మాయి ఏదో ఒకటి నొక్కమంది. అట్లా నొక్కినదాని మీదే రంగురంగుల రిపోర్టు తయారైంది. చక్రాలు, పట్టీలు, శాతాలు. అందులో తేలిందేమంటే, మా పిల్ల మాస్ కమ్యూనికేషన్‌కు, ఈవెంట్ మేనేజ్‌మెంట్‌కు పనికొస్తుందట. కొత్త మనిషి షాపులోకి వస్తే వెనక్కి పోయి నిలబడే పిల్ల అది. మోటారు విప్పితే మాత్రం కాలింది స్టార్టింగ్ వైండింగా, రన్నింగ్ వైండింగా అని నాకన్నా ముందు చెబుతుంది. ఆ సంగతి అడిగే ప్రశ్న ఒక్కటీ లేదు. మూడు వేలలో సగం ఈ రిపోర్టుకే అనుకుంటే, ఆ సగం పోయినట్టే.

మిగతా సగం పెద్దాయన దగ్గర ఫలించింది. రిటైరైన లెక్చరర్. రిపోర్టు పక్కన పెట్టి తెల్లకాగితం తీశాడు. పిల్లను అడిగే ముందు నన్ను అడిగాడు: ఇంటికి ఏడాదికి ఎంత వస్తుంది, బ్యాంకులో ఏమైనా ఉందా, ఉన్న అప్పెంత? కొందరికి ఈ ప్రశ్న నచ్చదేమో. నాకు నచ్చింది. డాక్టరు ముందు జబ్బు దాచి లాభమేంటి?

ఆయన చెప్పిన లెక్క ఇది. కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి సర్కారు కౌన్సెలింగ్‌లో సీటు వచ్చి, ర్యాంకు 10,000 లోపు ఉంటే బీసీ పిల్లలకు ట్యూషన్ ఫీజు మొత్తం ప్రభుత్వమే ఇస్తుంది. ర్యాంకు అది దాటితే మామూలుగా ఏడాదికి 35,000 వరకే. కాలేజీ ఫీజు 90,000 అనుకుందాం, మిగతా 55,000 మన జేబులోంచి. నాలుగేళ్ళకు 2,20,000. హాస్టలు, పుస్తకాలు, బస్సు ఇందులో లేవు. ఈ సాయం రావాలంటే పల్లెలో బీసీ కుటుంబానికి ఏడాది ఆదాయం 1,50,000 దాటకూడదు, పట్టణంలో 2,00,000. కాలేజీయే సొంతంగా ఇచ్చే మేనేజ్‌మెంట్ సీటుకు ఈ సాయం రాదు. అన్ని రౌండ్లూ అయ్యాక కాలేజీలో స్పాట్ అడ్మిషన్ తీసుకున్నా రాదు. చేరాక హాజరు 75 శాతానికి తగ్గినా చిక్కే. ఫోన్లో "సీటు కన్ఫర్మ్" అన్నవాళ్ళలో ఒక్కడూ ఇందులో ఒక్క ముక్క చెప్పలేదు. పిల్ల తన నోట్‌బుక్‌లో ఆ లెక్క తనే మళ్ళీ వేసుకుంది. వేసుకుని, "అంటే ఏడాదికి ఒక బర్రె ధర" అంది. పెద్దాయన నవ్వి, మంచి బర్రె అయితే ఇంకా ఎక్కువే అన్నాడు.

ఆ సాయం కూడా సమయానికి రాదు. బకాయిలు పేరుకుపోయాయని కాలేజీలు గోల పెట్టడం, చదువు అయిపోయిన పిల్లలు సర్టిఫికెట్ల కోసం తిరగడం పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఆయన ఈ మాట దాచలేదు. మొదటి ఏడాది డబ్బు చేతిలో ఉంచుకునే చేరమన్నాడు.

కాగితాల విషయంలోనూ ఆయన గట్టి మనిషి. ఆదాయ సర్టిఫికెట్ ఈ ఏడాది జనవరి 1 తర్వాత తీసినదై ఉండాలి, పాతది చెల్లదు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. మా పిల్ల ఏడు దాకా ఒక ఊళ్ళో, తర్వాత ఇంకో ఊళ్ళో చదివింది కాబట్టి రెండు బడులూ తిరగాల్సిందే. సర్టిఫికెట్ల పరిశీలనకు స్లాట్ బుక్ చేసేటప్పుడు ఎస్సీ, ఎస్టీలకు 600, మిగతావాళ్ళకు 1,200 ఫీజు. ఇంజనీరింగ్ ఒక్కటే నమ్ముకోకుండా డిగ్రీ అడ్మిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ దోస్త్‌లో కూడా 200 కట్టి పేరు నమోదు చేసి ఉంచమన్నాడు. దానికి ఆధార్‌కు ఫోన్ నంబరు లింకై ఉండాలి. మా పిల్ల ఆధార్‌కు ఎప్పుడో పోయిన సిమ్ నంబరు ఉంది. ఆ మాట ముందే తెలిసింది కనుక మార్పించుకున్నాం.

ఇక నాకు నచ్చనిది. గోడ నిండా ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల పోస్టర్లే. మాకిచ్చిన కాలేజీల లిస్టులోనూ పైన అవే ఉన్నాయి, బ్రాంచి అన్నిటికీ కంప్యూటర్ సైన్స్, అదే సీఎస్‌ఈ. కమిషన్ ఉందో లేదో నేను చూడలేదు. కానీ నల్లగొండలో కూర్చుని నల్లగొండలోనే ఉన్న మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీని నేను అడిగాక గానీ రాయకపోవడం ఏమిటి? ఎలక్ట్రికల్ బ్రాంచి అంటే పెద్దాయన కూడా "ఆడపిల్లకు ఎందుకండీ" అన్నాడు. అంత లెక్క చెప్పిన మనిషి నోట ఆ మాట వినాల్సి వచ్చింది. ఆడపిల్ల చేతి వైండింగ్‌తో తిరుగుతున్న మోటార్లు మా చుట్టుపక్కల బావుల మీద ఉన్నాయని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, లిస్టులో ఎలక్ట్రికల్ (ఈఈఈ) మాత్రం రాశాడు.

ఇంజనీరింగ్ కాకుంటే ఏమిటన్న దానికి అక్కడ జవాబు లేదు. డిగ్రీ అని ఒక్క మాట, అంతే. మా జిల్లాలోనే దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు కట్టారు. మిర్యాలగూడలో అడుగడుగునా రైస్ మిల్లు, మఠంపల్లి, మేళ్ళచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. వీటికి ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ కావాలి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్ళు, పది పాసైతే చాలు. టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నట్టు సర్కారే చెప్పింది. నేను ఐటీఐ పేరెత్తితే అక్కడి అమ్మాయి నన్ను జాలిగా చూసింది. నేనూ ఐటీఐ చదివినవాణ్ణే, ఆమెకు తెలియదు. పది అయిన పిల్లలను తీసుకెళ్ళేవాళ్ళు ఈ సెంటర్లో పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలిసెట్ గురించి మీరే నోరు తెరిచి అడగండి. మూడేళ్ళ డిప్లొమా చేసి ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలోకే నేరుగా పోవచ్చు. చేతిలో పని ఉంటుంది, చదువూ ఆగదు. ఈ దారి ఉందని మా పిల్లకు రెండేళ్ళ కిందట ఎవరూ చెప్పలేదు.

వెళ్ళేవాళ్ళకు ఒకటి రెండు మాటలు. టెస్ట్ వద్దు, సార్‌తో మాట్లాడితే చాలు అని ముందే అడగండి. నా తర్వాత వెళ్ళిన మా పక్క షాపాయన అట్లా అడిగితే పన్నెండు వందలకు ఒప్పుకున్నారట. పొద్దున పూట వెళ్ళండి, మధ్యాహ్నం తర్వాత ఆయన ఉండడు. పిల్లను వెంట తీసుకెళ్ళండి, మీరే మాట్లాడి రాకండి. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు కింద జిరాక్స్ షాపు దగ్గర కుర్చీ అడిగితే వేస్తారు.

పదిహేను వందల ఆప్షన్ల ప్యాకేజీ మాత్రం తీసుకోకండి. లాగిన్ పాస్‌వర్డ్, ఫోన్‌కు వచ్చే ఓటీపీ ఇచ్చేస్తే "మేమే పెట్టేస్తాం" అన్నారు. ఇవ్వనన్నాను. ఆప్షన్లు ఎన్నైనా పెట్టుకోవచ్చు, కానీ వరసలో ముందున్నది దొరికితే కిందివి చూడరు. ఆ వరస పరాయి చేతిలో పెడితే మన పిల్ల ఏ కాలేజీకి పోవాలో వాళ్ళే రాసినట్టు. మేం ఇంట్లోనే కాగితం మీద ముందు రాసుకున్నాం. మొదట యూనివర్సిటీ ఈఈఈ, తర్వాత రోజూ ఇంటి నుంచి పోయి రాగల కాలేజీలు, ఆ తర్వాత మిగతావి. మా అక్క పట్టుబట్టి ఒక సీఎస్‌ఈ మధ్యలో దూర్చింది. అది ఎన్నో నంబరులో ఉండాలన్న పంచాయితీ ఇంకా తెగలేదు. ఆప్షన్లు ఇక మార్చకుండా ఖాయం (ఫ్రీజ్) చేసే గడువు దాకా టైముంది.