పాటకీ పాటకీ మధ్య ఆ ‘టిక్’: ఇమ్గ్‌బర్న్‌తో ఆడియో సీడీలు, ఏళ్ల వాడకం తర్వాత

ఇమ్గ్‌బర్న్ అనే, విండోస్‌లో సీడీలు రాసే ప్రోగ్రాము మీద నాకున్న అభిమానమంతా ఒకే ఒక్క కారణంతో వచ్చింది. అది క్యూ షీట్‌ను పొల్లు పోకుండా పాటిస్తుంది. ఏ ట్రాక్ ఎక్కడ మొదలవ్వాలి, మధ్యలో ఖాళీ ఎంతుండాలి, అసలు ఉండాలా వద్దా అన్నది ఒక చిన్న టెక్స్ట్ ఫైల్లో రాసిస్తే చాలు, సెకనులో 75వ వంతు దాకా మన మాటే చెల్లుతుంది. ఆగకుండా సాగే కచేరీ రికార్డింగ్‌ను ట్రాకులుగా విడగొట్టి సీడీ చేసేవాళ్లకు దీని విలువ తెలుసు. ఒక పాట చివర మొదలైన చప్పట్లు తర్వాతి పాట ఎత్తుగడలోకి వెళ్లి కలుస్తాయి. అక్కడ శబ్దం తెగిందంటే కచేరీ మొత్తం ముక్కలైనట్టు ఉంటుంది.

డేటా డిస్క్‌కీ ఆడియో సీడీకీ తేడా, ఫైనలైజ్ చేయకపోతే (రాయడం పూర్తయిందని డిస్క్‌ను మూసేయకపోతే) ప్లేయర్ చదవదన్న సంగతి అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోను. పాట మారే చోట వినబడి చాలామందిని వేధించే ఆ ‘టిక్’ గురించే చెప్పాలి.

ముందు చెవితో తేల్చుకోవాల్సింది, వస్తున్న తెగుడు ఏ రకం అన్నది. సరిగ్గా రెండు సెకన్ల నిశ్శబ్దం వస్తుంటే సులువు. అది ప్రీగ్యాప్, అంటే ట్రాక్ ముందు పెట్టే ఖాళీ. క్యూ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి, రెండో ట్రాక్ నుంచి ఎక్కడైనా ‘ప్రీగ్యాప్ 00:02:00’ అన్న వరుస కనబడితే తీసేయాలి. మొదటి ట్రాక్ ముందుండే రెండు సెకన్లు మాత్రం సీడీ నియమం, వాటినెవరూ తీయలేరు. వేరే ప్రోగ్రాముతో ‘ట్రాక్ ఎట్ వన్స్’ పద్ధతిలో రాసినా గ్యాప్ తప్పదు, ఎందుకంటే అందులో ప్రతి ట్రాక్ చివరా లేజర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. ‘డిస్క్ ఎట్ వన్స్’లో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకే దమ్మున రాస్తుంది. కచేరీలకు అదే కావాలి.

ఇవన్నీ సరిచేశాక కూడా, రెప్పపాటు కన్నా చిన్న తెగుడు మిగిలిపోతుంది చూడండి, అసలు తలనొప్పి అదీ. డ్రైవ్‌ను తిడతాం, డిస్క్ బ్రాండ్ మారుస్తాం, వేగం తగ్గిస్తాం, ఏం చేసినా పోదు. అది బర్నింగ్‌లో పుట్టిన తప్పు కాదు గనక. ఫైళ్లలోనే ఉంది.

ఎంపీ3 శబ్దాన్ని 1,152 శాంపిల్స్ (క్షణక్షణానికీ శబ్దాన్ని కొలిచిన అంకెలు) చొప్పున ముక్కలుగా చేసి దాచుకుంటుంది. పాట పొడవు ఆ లెక్కకు సరిపోకపోతే చివర నిశ్శబ్దంతో నింపుతుంది. మొదట్లో కూడా ఖాళీ చేరుతుంది. లేమ్ అనే, ఎంపీ3లు తయారుచేసే ఎన్‌కోడర్ కలిపే 576 శాంపిల్స్, ఎంపీ3ని తిరిగి శబ్దంగా విప్పే డీకోడర్ వైపు నుంచి వచ్చే 529, వెరసి 1,105. అంటే సెకనులో 40వ వంతు. విడిగా వినే పాటలో ఇది ఎవరికీ తెలియదు. చప్పట్ల మధ్యలోనో తంబురా శ్రుతి మధ్యలోనో వస్తే మాత్రం గుచ్చుకుంటుంది. ఎంత ఖాళీ కలిపిందో లేమ్ ఫైల్ మొదట్లోనే రాసిపెడుతుంది. డీకోడర్ ఆ లెక్క చదివి కత్తిరిస్తే గొడవే లేదు. ఇమ్గ్‌బర్న్ డీకోడింగ్ కోసం విండోస్ డైరెక్ట్‌షో ఫిల్టర్ల (ఫైళ్లను శబ్దంగా విప్పే భాగాల) మీద ఆధారపడుతుంది. ఆ ఫిల్టర్ లెక్క చూడకపోతే ఖాళీ యథాతథంగా డిస్క్ మీదికి ఎక్కుతుంది.

సరే, ఎంపీ3 మానేసి, శబ్దాన్ని కుదించకుండా దాచే వేవ్ ఫైళ్లు తీసుకున్నాం అనుకుందాం. అక్కడ ఇంకో మెలిక ఉంది. సీడీ మీద శబ్దం సెకనుకు 75 సెక్టార్ల, అంటే సమానమైన ముక్కల, చొప్పున కూర్చుంటుంది. సెకనుకు ఉండే 44,100 శాంపిల్స్‌ను 75తో భాగిస్తే ఒక్కో సెక్టారుకు 588 శాంపిల్స్. ట్రాక్ ఎప్పుడూ పూర్తి సెక్టార్లతోనే ముగియాలి, సగం సెక్టారు ఉండదు. ఒక ఫైల్లో 1,77,58,400 శాంపిల్స్ ఉన్నాయనుకోండి. 588తో భాగిస్తే 30,201 సెక్టార్లు పోగా 212 మిగులుతాయి. ఆ చివరి సెక్టారు నిండాలంటే ఇంకో 376 సున్నాలు కావాలి. ఎనిమిదిన్నర మిల్లీసెకన్ల నిశ్శబ్దం అది. తరంగం పైన ఉన్నప్పుడు ఒక్కసారిగా సున్నాకు పడి మళ్లీ లేస్తుంది కాబట్టి చెవికి నిశ్శబ్దంలా కాదు, ‘టిక్’ అని తగులుతుంది.

మందు ఒక్కటే: పాటలను విడివిడి ఫైళ్లుగా ఇవ్వకూడదు. మొత్తం కచేరీ ఒకే వేవ్ ఫైల్, దానికి ఒకే క్యూ షీట్. ఇప్పటికే ముక్కలుగా ఉంటే ఫూబార్2000 అనే ప్లేయర్‌లో వరసగా పేర్చి, కన్వర్టర్‌లో అన్ని ట్రాకులనూ ఒకే ఫైల్‌గా కలిపే ఆప్షన్ ఎంచుకుని వేవ్‌గా మార్చాలి. అది లేమ్ రాసిన లెక్కను చదివి ఖాళీని తీసేస్తుంది. ఆ లెక్క లేని ఎంపీ3లైతే మాత్రం ఆడాసిటీ అనే శబ్ద ఎడిటర్‌లో జూమ్ చేసి, చదునైన గీతలా కనబడే భాగాన్ని చేత్తో కత్తిరించుకోవడమే దారి. ఎగుమతి చేసేటప్పుడు 44,100 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో. వీడియో నుంచి తీసిన శబ్దం సాధారణంగా 48,000లో ఉంటుంది, దాన్ని ఇక్కడే మార్చేసుకోవడం మంచిది.

క్యూ షీట్ ఇలా ఉంటుంది (అసలు ఫైల్లో ఈ మాటలన్నీ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయాలి):

ఫైల్ "కచేరి.వేవ్" వేవ్
ట్రాక్ 01 ఆడియో
ఇండెక్స్ 01 00:00:00
ట్రాక్ 02 ఆడియో
ఇండెక్స్ 01 06:42:51

ఆఖరి రెండంకెలు సెకనులో నూరో వంతులు కావు, ఫ్రేములు, అంటే సెకనులో 75వ వంతులు. 0 నుంచి 74 దాకానే ఉంటాయి. ఎడిటర్‌లో 6 నిమిషాల 42.68 సెకన్లని చూసి 06:42:68 అని దించేస్తే, ఆ అంకె 75కు లోపే ఉంది గనక ఏ అభ్యంతరమూ రాదు. ట్రాక్ మాత్రం 17 ఫ్రేములు, అంటే పావు సెకను దగ్గర, ఆలస్యంగా మొదలవుతుంది. నేరుగా రెండో ట్రాక్ నొక్కితే పల్లవి మొదటి అక్షరం మింగేసినట్టు వినబడుతుంది. 0.68ని 75తో గుణిస్తే 51, అదీ రాయాల్సింది. ఆడాసిటీలో కాలం చూపించే పద్ధతిని సీడీడీఏ ఫ్రేములకు మార్చుకుంటే ఈ గుణకారాలే అక్కర్లేదు.

ఇలా చేస్తే ట్రాక్ నంబరు మారే చోటు మహా అయితే ఒక ఫ్రేము అటూ ఇటూ అవుతుంది తప్ప, శబ్దంలో ఎక్కడా అతుకు ఉండదు. అతుకే లేనప్పుడు టిక్ ఎక్కడిది!

మన మాటే చెల్లుతుందని పైన అన్నాను కదా, అందులోనే చిక్కు కూడా ఉంది. తప్పు మాట చెప్పినా అలాగే వింటుంది. క్యూలో పొరపాటు జరిగితే డిస్క్ పాడైన తర్వాతే తెలుస్తుంది. 2013లో వచ్చిన 2.5.8.0 తర్వాత కొత్త వెర్షన్ లేదు. ఫ్లాక్ ఫైళ్లు (నాణ్యత పోకుండా కుదించినవి) నేరుగా ఇవ్వాలంటే వాటికి తగ్గ డైరెక్ట్‌షో ఫిల్టర్ విడిగా పెట్టుకోవాలి. సీడీ టెక్స్ట్‌లో, అంటే ప్లేయర్ తెరమీద కనబడేలా డిస్క్‌లో రాసే వివరాల్లో, పాటల పేర్లు తెలుగు లిపిలో రాయడం కుదరదు. ఆ ప్రమాణంలోనే మన లిపికి చోటు లేదు కాబట్టి ప్రోగ్రాముని అనలేం, కానీ మనసుకు కష్టంగానే ఉంటుంది.

డ్రైవ్ సంగతి కొంచెం. యూఎస్‌బీతో నడిచే సన్నపాటి డ్రైవుల్లో రాయడం మొదలవగానే ‘పవర్ క్యాలిబ్రేషన్ ఏరియా ఎర్రర్’ వస్తే వెంటనే డిస్క్‌ను అనుమానించకండి. రాసేముందు డ్రైవ్ డిస్క్ లోపలి అంచున లేజర్ బలాన్ని పరీక్షించుకుంటుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులే. మధ్యలో హబ్ ఉన్నా, పొడుగాటి కేబుల్ ఉన్నా ఆ పరీక్ష దగ్గరే తడబడుతుంది. హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కు, వీలైతే 900 మిల్లీయాంపులిచ్చే 3.0 పోర్టుకు పెట్టి చూడండి. అప్పటికీ అదే ఎర్రర్ అయితే లెన్స్ మీద దుమ్ము, లేదా ఆ డ్రైవ్‌కు పడని డిస్క్. వేగం విషయంలో 4ఎక్స్ (మామూలు వేగానికి నాలుగు రెట్లు) మంచిదన్న పాత నమ్మకం ఇప్పటి డిస్కులకు వర్తించదు. వాటి పొర ఎక్కువ వేగానికి తయారైంది. నేను 16ఎక్స్ దాటను, మరీ కిందికీ దిగను.

పొడుగు కచేరీ అయితే ఇంకో అంకె చూసుకోవాలి. 80 నిమిషాల డిస్కుల్లో చాలావాటికి ఇమ్గ్‌బర్న్ చూపే ఖాళీ 3,59,847 సెక్టార్లు, అంటే 79:57:72. మొత్తం అంతకు మించితే చివర చప్పట్లను మెల్లగా తగ్గించి కోసేయండి. ఓవర్‌బర్న్ చేసిన (పరిమితి దాటి రాసిన) చివరి నిమిషం ఏ ప్లేయర్‌లో ఎలా పలుకుతుందో చెప్పలేం.

కొనాలా వద్దా అనే ప్రశ్న లేదు, ఉచితమే. వాడాలా అంటే, మీరు చేసే పనిని బట్టి. కారులో వినడానికి విడి పాటలు పేర్చుకునేవాళ్లకు ఈ తంతు దండగ, విండోస్ మీడియా ప్లేయర్ చాలు. అందులోనూ గ్యాప్ లేకుండా రాసే ఆప్షన్ ఉంది. లైనక్స్‌లో ఉన్నవాళ్లకు సీడీఆర్‌డీఏఓ ఇదే పని చేస్తుంది. విండోస్ మీద కచేరీలు, ఆగకుండా సాగే రికార్డింగులు సీడీకి ఎక్కించేవాళ్లకు, ఓ సాయంత్రం లెక్కలకు కేటాయించే ఓపిక ఉంటే, నా ఓటు దీనికే.

పక్కా డిస్క్ మీద రాసేముందు చెరిపి మళ్లీ రాయగలిగే ఒక సీడీ ఆర్‌డబ్ల్యూ మీద రాసి చూసుకోండి. పాత ప్లేయర్లు కొన్ని దాన్ని చదవవు, ప్రతిఫలనం తక్కువ కాబట్టి. చదివే ప్లేయర్‌లో ప్రతి ట్రాక్‌నూ చివరి పది సెకన్ల దగ్గరికి జరిపి, దానంతట అదే తర్వాతి ట్రాక్‌లోకి దొర్లేదాకా వినాలి. ‘నెక్స్ట్’ నొక్కితే ప్లేయరే శబ్దం ఆపి మొదలుపెడుతుంది, అతుకు దాక్కుంటుంది.