కోర్టు థ్రిల్లర్‌కి ఏది మేలు: అసలు కోర్టు హాలా, సెట్టా?

కోర్టు థ్రిల్లర్‌లో కార్ల ఛేజింగులు ఉండవు, పేలుళ్లు ఉండవు. ఒక గదిలో కొంతమంది మాట్లాడుకుంటూ ఉంటారు, అంతే. ప్రేక్షకుడిని రెండు గంటలపాటు కదలకుండా కూర్చోబెట్టే భారం సగం ఆ గది మీదే పడుతుంది. అందుకే స్క్రిప్ట్ ఖాయమయ్యాక డైరెక్టర్, కెమెరామన్, ఆర్ట్ డైరెక్టర్, సౌండ్ రికార్డిస్ట్ నలుగురూ కూర్చుని, ఆ గది అసలు కోర్టు హాలా, స్టూడియోలో వేసిన సెట్టా అన్నది ముందు తేల్చుకోవాలి. లైటింగ్, షెడ్యూల్, చివరికి ఎడిటింగ్ కూడా ఈ నిర్ణయాన్ని బట్టే నడుస్తాయి.

అసలు కోర్టులో తీస్తే ఎంత బలం వస్తుందో చూడాలంటే 1959లో ఒట్టో ప్రెమింగర్ తీసిన ‘అనాటమీ ఆఫ్ ఎ మర్డర్’ చూడాలి. ఆ కథకు ఆధారమైన హత్య కేసు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జరిగింది. దాని విచారణ మార్క్వెట్‌లో ఏ కోర్టులో నడిచిందో, సినిమాలోని విచారణనూ అక్కడే తీశారు. జడ్జి వేషం జోసెఫ్ వెల్చ్ వేశారు. ఆయన నిజజీవితంలో పేరున్న లాయరు. ఆ సీన్లలో ఎవరూ కోర్టును ‘నటిస్తున్నట్టు’ అనిపించదు. ఏళ్ల తరబడి చేతులు ఆనించి నున్నబడిన కటకటాలు, అరిగిన బెంచీలు, కిటికీ బయట నిజంగా ఉన్న ఊరు కెమెరాకు కష్టపడకుండానే దొరుకుతాయి. నటులకీ అంతే. అసలు కోర్టు హాల్లో అడుగుపెట్టగానే గొంతు దానంతటదే తగ్గుతుంది. గ్యాలరీలో కూర్చున్న జూనియర్ ఆర్టిస్టులకు సర్దుకుని కూర్చోమని చెప్పాల్సిన పని ఉండదు.

ఇంత ఉన్నా, థ్రిల్లర్ విషయంలో నా ఓటు సెట్‌కే. ఎందుకో చెబుతాను.

కథలో క్రాస్ ఎగ్జామినేషన్ పది నిమిషాల్లో, ఒకే పూట అయిపోతుంది. షూటింగ్‌లో దానికి మూడు నాలుగు రోజులైనా పడుతుంది. నిజమైన హాల్లో ఎండ ఆ నాలుగు రోజులూ కిటికీల మీద నుంచి జరుగుతూనే ఉంటుంది. ఉదయం తీసిన లాయరు షాటూ, సాయంత్రం తీసిన సాక్షి షాటూ పక్కపక్కన పెడితే ఇద్దరూ వేర్వేరు రోజుల్లో మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఎండను ఆపి బయటి నుంచి పెద్ద లైట్లు కొట్టాలంటే, హాలు పై అంతస్తులో ఉంటే పరంజా కట్టాలి, లేదా క్రేన్ తెప్పించాలి. పాత భవనమైతే లోపల సీలింగ్‌కు ఏదీ బిగించనివ్వరు. పైగా పనిదినాల్లో అది కోర్టు. మనకు సెలవు రోజులే దక్కుతాయి, మళ్లీ తెరిచే పూటకి ప్రతి కుర్చీ ఎక్కడిదక్కడ సర్దేసి వెళ్లాలి.

సౌండ్ గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు గానీ, ఎక్కువ దెబ్బ తగిలేది అక్కడే. ఎత్తైన సీలింగ్, నున్నటి గోడలు, రాతి నేల ఉన్న చోట మాట గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. మాటల మీదే నడిచే సినిమాలో ఆ ఎకో నెత్తిన కూర్చుంటుంది. ఫ్రేమ్‌లో పడని చోటల్లా మందపాటి దుప్పట్లు కడతారు. అప్పటికీ లొంగకపోతే డబ్బింగే గతి. బోనులో వణికిన గొంతు డబ్బింగ్ థియేటర్లో మళ్లీ అలాగే వణకడం చాలా అరుదు.

వీటన్నిటికన్నా నాకు ముఖ్యమైంది కెమెరా నిలబడే చోటు. ఒక్క క్షణం తీసుకోండి. లాయరు ప్రశ్న అడిగాడు. సాక్షి జవాబిచ్చే ముందు అర సెకను ఆగి, గ్యాలరీ మూడో వరసలో ఎవరివైపో చూసి కళ్లు దించుకుంది. థ్రిల్లర్ అంతా ఆ అర సెకనులో ఉంది. ఆ చూపు పట్టుకోవాలంటే లెన్స్ ఆమె చూపుకి దాదాపు ఎదురుగా ఉండాలి. లాంగ్ లెన్స్‌తో, అంటే దూరంలో ఉన్నదాన్ని దగ్గరగా చూపించే పొడుగు లెన్స్‌తో తీయాలంటే బాగా వెనక్కి జరగాలి. నిజమైన హాల్లో సరిగ్గా అక్కడ జడ్జి వేదికో, నేలకు బిగించిన బెంచీయో, గోడో అడ్డొస్తుంది. సెట్‌లో గోడ విప్పి పక్కన పెట్టి, షాట్ తీసి, మళ్లీ బిగిస్తారు.

1957లో సిడ్నీ లూమెట్ తీసిన ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ దాదాపు మొత్తం జ్యూరీ గదిలోనే, అంటే తీర్పు తేల్చే పన్నెండు మంది పౌరులు కూర్చుని చర్చించుకునే గదిలోనే సాగుతుంది. కెమెరామన్ బోరిస్ కౌఫ్‌మన్. కథ ముదిరేకొద్దీ ఇంకా పొడుగు లెన్సులు వాడుతూ వెళ్లారు, దాంతో గోడలు మనుషుల మీదికి జరిగినట్టు అనిపిస్తుంది. కెమెరాను మొదట కంటికన్నా ఎత్తులో, తర్వాత కంటి ఎత్తులో, చివరికి అంతకన్నా కింద పెట్టారు. ఆఖరుకొచ్చేసరికి తల మీద సీలింగ్ కూడా కనిపిస్తుంది. గది చిన్నదైపోతోందని ఎవరూ చెప్పరు, చూసేవాళ్లకే ఊపిరాడదు. అసలు గదిలో వెనక్కి జరిగే చోటు లేకుండా ఈ పని ఎలా కుదురుతుంది?

అలాగని సెట్ వేసేస్తే సరిపోదు. అవసరానికి మించి పెద్ద హాలు కట్టడం, అన్నిటికీ కొత్త వార్నిష్ కొట్టడం మామూలుగా జరిగేవే. పెద్ద హాల్లో లాయరుకీ సాక్షికీ మధ్య దూరం పెరిగి టెన్షన్ పలచబడిపోతుంది. ప్లైవుడ్ వేదిక మీద బూట్లతో నడిస్తే డొల్ల చప్పుడు వస్తుంది. కింద ఫోమో, మందపాటి కార్పెట్టో పరవాలి. కింది నుంచి తీసే షాట్లలో కనిపించేందుకు సీలింగ్ ముక్కలు ముక్కలుగానైనా కట్టించాలి.

ఈ తప్పులకు మందు ఒకటి ఉంది, అదే నాకు అన్నిటికన్నా మేలనిపించే దారి: నిజమైన కోర్టును కొలతలు తీసుకుని, అలాగే కట్టడం. ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ (1962) కోసం అలబామాలోని మన్రోవిల్ కోర్టు హాలు నమూనాగా స్టూడియోలో సెట్ వేశారు. ఆ సినిమాకు కళాదర్శకత్వంలో ఆస్కార్ వచ్చింది. ఇంగ్లండ్‌లో అయితే కోర్టు లోపల ఫొటోలు తీయడాన్నే 1925 నాటి చట్టం నిషేధించింది కాబట్టి, లండన్‌లోని ఓల్డ్ బెయిలీ అనే క్రిమినల్ కోర్టులో నడిచే ‘విట్నెస్ ఫర్ ది ప్రాసిక్యూషన్’ (1957)కు సెట్ తప్ప గత్యంతరం లేదు. దాన్ని అలెగ్జాండర్ ట్రౌనర్ వేశారు.

సినిమాలో కోర్టు సీన్లు రెండో మూడో ఉంటే మాత్రం సెట్ దండగ. సెలవు రోజుల్లో అసలు హాల్లో తీసేయండి. కారిడార్లు, మెట్లు, ఆవరణ ఎలాగూ అసలువే బాగుంటాయి.

సెట్‌కే వెళ్తే నిర్మాతతో ముందే మాట్లాడుకోవాల్సింది ఒకటుంది. షూటింగ్ అయిన మర్నాడే సెట్ విప్పేయకూడదు. రఫ్ కట్ (సినిమాను మొదటిసారి వరసగా కూర్చిన రూపం) చూశాక ఎడిటర్ ఏదో ఒకటి అడుగుతారు: ముద్దాయి చేతివేళ్లు రెండు సెకన్లు, తల ఎత్తకుండా రాసుకుంటున్న బెంచ్ క్లర్క్, ఖాళీ బోను. సెట్ నిలబడి ఉండి, ఏ ఫైలు ఏ బల్ల మీద ఉందో కంటిన్యుటీ (ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ వస్తువులు మారకుండా) చూసే అసిస్టెంట్ దగ్గర ఫొటోలుంటే అది ఒక పూట పని. ఫ్లోర్ అద్దె అంతకాలం భరించలేకపోతే, బోనునూ దాని వెనక గోడ ముక్కనూ విప్పి జాగ్రత్తగా గోడౌన్‌లో పెట్టించండి. దగ్గరి షాట్లకు ఆ రెండూ చాలు.