ముల్లు ఆల్టీమీటర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

బ్యాటరీ లేని, ముల్లుతో పనిచేసే పాతకాలం చేతి ఆల్టీమీటర్ గురించి ఇది, అంటే మనం ఎంత ఎత్తులో ఉన్నామో చూపించే పరికరం. ప్యారాచ్యూట్‌తో దూకేవాళ్లు ఎడమ చేతికి కట్టుకుంటారే, అది. ఎయిర్‌ఫోర్స్‌లో జంప్ ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్నన్నాళ్లూ, ఆ తర్వాత మైక్రోలైట్లు అనే చిన్న తేలికపాటి విమానాలు నడిపిన రోజుల్లోనూ, ఇప్పుడు రిటైరై బరంపురంలో ఉంటున్నప్పుడూ నా దగ్గరున్నది ఇదే. పర్లాకిమిడి, రాయగడ, ఇచ్ఛాపురం వైపు నుంచి ఎన్‌సీసీలో చేరిన మన పిల్లలు డిజిటల్ కొనాలా, ముల్లుది కొనాలా అని అడుగుతున్నారు. జవాబు ముందే చెప్పేస్తున్నా, మొదటిది ముల్లుదే కొనండి. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది.

లోపల గాలి తీసేసిన పల్చటి లోహపు డబ్బీ ఒకటి ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, డబ్బీ ఉబ్బుతుంది, ఆ ఉబ్బు ముల్లుని తిప్పుతుంది. సముద్రమట్టం దగ్గర సుమారు 30 అడుగులకి ఒక హెక్టాపాస్కల్ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) చొప్పున ఒత్తిడి పడిపోతుంది. నా డయల్ మీద 12,000 అడుగులకి ఒక చుట్టు, అందుకని చూడ్డానికి గడియారంలాగే ఉంటుంది. 2,500 కింద అంతా ఎరుపు, దానికి పైన కొంత మేర పసుపు. అంకె చదవనక్కర్లేదు, ముల్లు ఏ మూలన ఉందో కంటికొసతో చూసినా తెలిసిపోతుంది. నేను దీన్ని వదలకపోవడానికి సగం కారణం ఇదే, గంటకి 190 కిలోమీటర్ల వేగంతో పడుతూ అంకెలు చదివి లెక్కలు వేసే తీరిక ఎవరికీ ఉండదు.

ఆ వేగం గురించి కొంచెం చెప్పాలి. బోర్లా పడుతుంటే మొదటి వెయ్యి అడుగులకి సుమారు 10 సెకన్లు పడుతుంది, ఆ తర్వాత ప్రతి వెయ్యికీ ఐదున్నర సెకన్లే. అంటే 13,000 దగ్గర దూకినవాడు 3,000కి వచ్చేసరికి అయ్యేది ఒక్క నిమిషం. ఈ నిమిషంలో కన్ను మోసం చేస్తుంది. 10,000 దగ్గర నేల కదులుతున్నట్టే ఉండదు, 5,000 దగ్గర కూడా పొలాలు, రోడ్లు, ఏటి వంపులు అన్నీ ప్రశాంతంగా ఎక్కడివక్కడే ఉంటాయి. 2,000 కిందికి వచ్చాక గానీ నేల మీదికి దూసుకొస్తున్నట్టు అనిపించదు. అప్పటికి మిగిలేది పదకొండు సెకన్లు, అందులో ప్యారాచ్యూట్ పూర్తిగా విచ్చుకోవడానికే మూడు నాలుగు పోతాయి. కంటికి ప్రమాదం కనిపించాక చెయ్యి కదిపితే ఆలస్యమైపోయినట్టే, అందుకే ముల్లు.

భయం వెయ్యదా అని అందరూ అడుగుతారు. విమానం తలుపు దగ్గర వేస్తుంది, ఎన్నేళ్లు దూకినా వేస్తుంది. కానీ దూకిన రెండు మూడు సెకన్లలో అది పూర్తిగా పోతుంది, ఒళ్లంతా తేలికైపోయి ఎంత హాయిగా ఉంటుందంటే ఇంకేమీ గుర్తుండదు. అసలు ప్రమాదం ఆ హాయిలోనే ఉంది. ఆగ్రాలోని పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్లో మొదటి జంపులు స్టాటిక్ లైన్ మీద ఉంటాయి, 1,250 అడుగుల ఎత్తు, విమానానికి కట్టిన తాడే ప్యారాచ్యూట్‌ని తెరుస్తుంది, మనం చూసుకోవాల్సిన ముల్లు ఏమీ ఉండదు. ఫ్రీఫాల్‌కి, అంటే ప్యారాచ్యూట్ తెరవకుండా చాలాసేపు పడే జంపులకి వచ్చాకే ఇది చేతికెక్కుతుంది. నాతో దూకిన కుర్రాడొకడు, చాలా చురుకైనవాడు, భయమన్నది లేనివాడు, 7,000 నుంచి నా మొహం చూసి నవ్వుతూనే ఉన్నాడు. ఇన్‌స్ట్రక్టర్ మణికట్టు మీద వేలు పెట్టి చూపిస్తే ముల్లు చూడమని అర్థం. ఒకసారి చూపించాను, నవ్వాడు. రెండోసారి చూపించాను, బొటనవేలు ఎత్తి బాగుందన్నాడు. మూడోసారి ఎదురుగా వెళ్లి అతని చెయ్యే పట్టుకుని డయల్ అతని కళ్ల ముందు పెట్టాను. ముల్లు పసుపు వైపు వస్తోంది. ఆ నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది, చెయ్యి వెనక్కి వెళ్లింది, ప్యారాచ్యూట్ చక్కగా తెరుచుకుంది. ఆ కుర్రాడికి ధైర్యం, తెలివి దేనికీ లోటు లేదు, చూడాలన్న సంగతే గుర్తు రాలేదంతే.

మాలో హార్డ్ డెక్ అనే మాట ఉంది. ఎంత ఎత్తుకి వస్తే ఇంక ఆలోచించకుండా చేతులు తమ పని తాము చెయ్యాలో ఆ ఎత్తుని నేల మీద ఉండగానే నిర్ణయించుకోవడం. నాది 2,000. పైన మెయిన్ ప్యారాచ్యూట్ చిక్కుపడితే 2,000 దాకా విడదీసే ప్రయత్నం చేస్తాను, ముల్లు అక్కడికి వచ్చిందా, ఇంకొక్క సెకను చూద్దాం అనేది ఉండదు, మెయిన్ వదిలేసి రిజర్వ్, అంటే అదనంగా ఉండే రెండో ప్యారాచ్యూట్, లాగడమే. ఈ అంకె పైన నిర్ణయించుకునేది కాదు. పైన అన్నీ సర్దుకుంటాయేమో అనిపిస్తుంది, మనిషి మనసు అలాంటిది.

సున్నా పెట్టడం గురించి చాలామంది అజాగ్రత్తగా ఉంటారు. ఇది సముద్రమట్టం నుంచి ఎత్తు చెప్పదు, మీరు ఎక్కడ సున్నా పెడితే అక్కడి నుంచి చెబుతుంది. విజయనగరంలో రైలు దిగి సాలూరు మీదుగా సునాబెడలో మా బంధువుల ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో దీన్ని కట్టుకుని కూర్చోవడం నాకు అలవాటు. సాలూరులో సున్నా పెడితే సుంకి ఘాట్ మలుపుల్లో ముల్లు మెల్లగా లేస్తూ సునాబెడ చేరేసరికి 2,500 దరిదాపుల్లో ఉంటుంది. బయట చూస్తే మామూలు చదును నేల, హెచ్‌ఏఎల్ ఇంజన్ ఫ్యాక్టరీ, కాలనీ, బజారు, ఎక్కడా ఎత్తు మీద ఉన్నట్టు అనిపించదు. ఇప్పుడు ఇదే తిరగేసి ఆలోచించండి. కింద మైదానంలో సున్నా పెట్టుకుని విమానం ఎక్కి ఆ పీఠభూమి మీద దూకితే, ముల్లు ఇంకా 2,500 ఉందని చెబుతూండగానే కాళ్లు నేలకి తగులుతాయి. అందుకే ఎక్కే చోటుకీ దిగే చోటుకీ ఎంత తేడా ఉందో ముందే లెక్కకట్టి ముల్లు సవరించాలి, సవరించాక పక్కవాడికి చూపించాలి.

ఇంకో సంగతి రిటైరై దీన్ని గోడకి తగిలించాకే సరిగ్గా గమనించాను. ఇల్లు కదలదు, ముల్లు మాత్రం రోజూ కదులుతుంది. మన వేడి ప్రాంతాల్లో గాలి ఒత్తిడి రోజుకి రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది, పొద్దున పదింటికి ఎక్కువ, సాయంత్రం నాలుగింటికి తక్కువ, రాత్రి మళ్లీ అలాగే. పదింటికి సున్నా పెడితే నాలుగింటికి మా హాల్లో ముల్లు వంద అడుగుల దాకా లేచి ఉంటుంది. కాబట్టి పొద్దున పెట్టిన సున్నాతో సాయంత్రం దూకకూడదు, ప్రతి జంప్‌కీ కొత్తగా పెట్టుకోవాల్సిందే.

2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి నేను ఈ ముల్లు ముందే కూర్చున్నాను. పొద్దున్నించే రోజువారీ ఆట మానేసింది, పదింటికి దిగాల్సింది దిగలేదు. ఆకాశం చూస్తే మబ్బు, ఈదురుగాలి, అంతకంటే పెద్దగా ఏమీ లేదు. మా వీధిలో చాలామంది ప్రతి ఏడూ వచ్చేదే కదా అన్నారు. మధ్యాహ్నానికి 300, చీకటి పడేసరికి 600 దాటింది, కరెంటు ఎప్పుడో పోయింది, టార్చి వేసి చూస్తుంటే కిటికీలు ఊగిపోతున్న ఆ రెండు గంటల్లో ముల్లు కంటికి తెలిసేలా జరిగి 1,500 దాటింది. తుఫాను కేంద్రంలో ఒత్తిడి 940 హెక్టాపాస్కల్స్ అని వాతావరణ శాఖ అంచనా వేసింది, లెక్కకడితే కేంద్రంలో దాదాపు రెండు వేల అడుగులు. మంచం మీద కూర్చున్న మనిషిని అంత ఎత్తున ఉన్నావని చెప్పిందంటే ఆ రాత్రి మా నెత్తిన గాలి ఎంత పల్చబడిందో చూడండి. ఒడిశా ప్రభుత్వం ఆ రాత్రికి ముందే పది లక్షల మంది దాకా జనాన్ని తీరం నుంచి కదిలించింది. సముద్రం ఇంకా మామూలుగా కనిపిస్తున్నప్పుడే, ఇళ్లు వదిలి రామని పశువుల్ని చూపించి ఏడ్చేవాళ్లని కూడా బస్సులెక్కించారు. హార్డ్ డెక్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను.

గోపాల్‌పూర్ దగ్గర చేపల వేటకెళ్లే మన తెలుగువాళ్లకి ఆ తర్వాత నుంచి ఈ డయల్ సంగతి తెలుసు. కనిపిస్తే "బాబూ, ముల్లేటంటంది?" అని అడుగుతారు. నేను చెప్పేది చెబుతాను గానీ, వాతావరణ శాఖ వద్దన్న రోజున పడవ దింపొద్దు, నా ముల్లు ఏం చెప్పినా సరే అని గట్టిగా అంటాను. దీనికీ హద్దుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడ ముల్లు అంతగా లేవలేదు, కానీ గజపతి జిల్లా కొండల్లో కురిసిన వాన, విరిగిపడిన మట్టిచరియలు చేసిన నష్టం అంతా ఇంతా కాదు. వాన సంగతి ఈ డబ్బీకి తెలియదు.

ఇంటి విషయాల్లో కూడా నేను ఇలాగే బతుకుతున్నాను. ఇల్లు కట్టేటప్పుడు పునాది తవ్వకముందే నేనూ మా ఆవిడా ఒక అంకె రాసుకున్నాం, అప్పు అక్కడికి చేరితే పని ఆపేద్దామని. పై అంతస్తు మొదలుపెట్టేలోపే చేరింది, ఆపేశాం. మేస్త్రి "ఇంకొక్క స్లాబే కదండీ" అన్నాడు, చుట్టాలూ అదే అన్నారు. ఇప్పటికీ మేడ మీద పిల్లర్ల ఊచలు అలాగే నిలబడి ఉన్నాయి, మాకు మాత్రం రాత్రి నిద్ర పడుతోంది. విశాఖ నుంచి కారులో వస్తుంటే రాత్రి పది దాటాక నడపం, నరసన్నపేట అయితే నరసన్నపేటలో, పలాస అయితే పలాసలో ఆగిపోతాం, ఇల్లు ఇంకో గంటే ఉన్నా సరే. నిద్ర వస్తున్న మనిషికి నిద్ర వస్తోందని తెలియదు కాబట్టి ఆ నిర్ణయం అతని చేతిలో పెట్టకూడదు. జంపర్లంటే ప్రాణం మీద లెక్కలేనివాళ్లని అనుకుంటారు, నాకు తెలిసిన మంచి జంపర్లంతా బండెక్కితే ముందు హెల్మెట్ బకిల్ పెట్టుకునేవాళ్లే.

ఇక లోపాలు. ముల్లు కొంచెం వెనకబడుతుంది, వేగంగా పడుతున్నప్పుడు అది చూపించేదానికంటే మీరు ఇంకాస్త కింద ఉన్నారనే అనుకోవాలి. వెల్లకిలా పడుతున్నప్పుడు చెయ్యి ఛాతీ మీదికి వస్తే శరీరం చాటున ఉన్న సుడిగాలిలో ఒత్తిడి తక్కువ, దాంతో కొన్ని వందల అడుగులు ఎక్కువ చూపిస్తుంది, అంటే నేలకి దగ్గరగా ఉన్నా దూరంగా ఉన్నావని చెబుతుంది. ఇది చాలా చెడ్డ తప్పు, కొత్తవాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మన సముద్రపు తేమకి అద్దం లోపల ఆవిరి పడుతుంది. స్ట్రాప్ వెల్‌క్రో మెత్తబడి పట్టు తప్పుతుంది, నేను దర్జీ చేత కొత్తది కుట్టించాను, పెద్ద ఖర్చేం కాలేదు.

డిజిటల్‌ని తక్కువ చేసి మాట్లాడను. అంకె కచ్చితం, సున్నా తనే పెట్టుకుంటుంది, జంప్ వివరాలు దాచుకుంటుంది. హెల్మెట్‌లో చెవి దగ్గర బీప్ కొట్టేవి ఇంకా మంచివి, డబ్బుంటే రెండోదిగా అది తీసుకోండి. 1991లో జర్మనీ నుంచి వచ్చిన సైప్రెస్ లాంటి ఆటోమేటిక్ పరికరం అయితే తప్పనిసరి. 750 అడుగుల దగ్గర ఇంకా అదే వేగంతో పడుతున్నారని దానికి తెలిస్తే రిజర్వ్ మూసి ఉంచిన దారాన్ని తనే కోసేస్తుంది, స్పృహ తప్పినవాళ్లని కూడా అది కాపాడింది. అయితే అదుందిలే అని ముల్లు చూడటం మానేసేవాళ్లతో నేను విమానం ఎక్కను. బ్యాటరీ అయిపోతే డిజిటల్ తెర ఖాళీ, ముల్లుకి అయిపోయేది ఏదీ లేదు.

గంజాంలో విమానం మాట ఎత్తితే పెద్దవాళ్లు బిజూ పట్నాయక్ గురించే చెబుతారు, 1947లో డకోటా విమానం వేసుకుని ఇండోనేషియా వెళ్లి అక్కడి నాయకుడు షహ్రిర్‌ని తీసుకొచ్చిన సంగతి. ఆ డకోటాల ప్యానెల్ మీద ఉన్నదీ ఇలాంటి ఒత్తిడి డబ్బీయే. 1929లో అమెరికన్ పైలట్ డూలిటిల్ బయటికి ఏమీ కనిపించకుండా కాక్‌పిట్‌కి తెర కట్టుకుని విమానం ఎక్కించి దించినప్పుడు నమ్ముకున్న పరికరాల్లో కోల్స్‌మన్ ఆల్టీమీటర్ ఒకటి. అంత పరీక్షకి నిలబడిన వస్తువు ఇది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు డబ్బు ఇచ్చేముందు దీన్ని ఒక ఘాట్ రోడ్డు మీదికి తీసుకెళ్లండి. కింద సున్నా పెట్టి, వెళ్లేటప్పుడు దారి పొడుగునా ముల్లుని గమనించండి. సాఫీగా లేవాలి, ఆగి ఆగి ఎగిరితే వద్దు. వేలితో అద్దం మీద తట్టితే దూకుడుగా జరిగినా వద్దు. మళ్లీ అదే చోటికి దిగాక సున్నాకి వంద అడుగుల లోపు రావాలి, అంతకు మించి తేడా ఉంటే ఎంత చవగ్గా ఇస్తున్నా తిరిగి ఇచ్చెయ్యండి. అన్నీ బాగుంటే తీసుకోండి, కానీ దానితో దూకేముందు మీరు దూకే చోట ఉండే రిగ్గర్‌కి, అంటే ప్యారాచ్యూట్ సామాను సరిచూసే అతనికి చూపించి ప్రెషర్ ఛాంబర్‌లో పెట్టించండి, అతను సరేనన్నాకే చేతికి కట్టుకోండి.