న్యూజెర్సీ లైసెన్సున్న పోకర్ సైటులో పద్నాలుగు నెలలు

ఒక శనివారం సాయంత్రం న్యూజెర్సీలోని మెట్రోపార్క్ స్టేషన్‌లో రైలెక్కి న్యూయార్క్‌లోని మన్‌హట్టన్ వెళ్తూ ఫోనులో పది డాలర్ల పోకర్ పేకాట టోర్నమెంటు ఆడుతున్నాను. సెకాకస్ దాటేసరికి నా చేతిలో ఆఠీను ఆసు, ఇస్పేటు ఆసు పడ్డాయి. పందెం పెంచాను, ఇద్దరు నిలిచారు. అంతలో రైలు హడ్సన్ నది కింది సొరంగంలోకి దిగింది. పెన్ స్టేషన్‌లో పైకి వచ్చి చూస్తే తెర మీద టేబుల్ లేదు. మీరు న్యూజెర్సీ బయట ఉన్నారు, ఇక్కడ ఆడటానికి వీల్లేదు అన్న సందేశం ఒక్కటే ఉంది. అటుపక్క నా చిప్పులు, అంటే పందెం బిళ్లలు, నేను లేకుండానే కరిగిపోయాయి. ఆ రోజు చాలా కోపం వచ్చింది. పద్నాలుగు నెలల తర్వాత ఆలోచిస్తే, ఈ సైటులో నాకు బాగా నచ్చినది ఆ కాపలాయే.

ఏ సైటో పేరు రాయడం లేదు. రాష్ట్రం లైసెన్సు ఇచ్చిన సైట్లన్నిటికీ నిబంధనలు ఒకటే, నేను చెప్పాలనుకున్నది కూడా ఆ లైసెన్సు వల్ల మనకు ఏమి దక్కుతుందన్నదే. న్యూజెర్సీలో 2013 ఫిబ్రవరిలో గవర్నర్ క్రిస్ క్రిస్టీ సంతకంతో ఆన్‌లైన్ జూదం చట్టబద్ధమైంది, నవంబరులో సైట్లు తెరుచుకున్నాయి. ప్రతి సైటు వెనుకా అట్లాంటిక్ సిటీలోని ఒక కాసినో ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వపు గేమింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగం వీటిపై నిఘా పెడుతుంది. వయసు 21 నిండాలి, ఆడే సమయంలో మనిషి రాష్ట్రంలోనే ఉండాలి. నది దాటి న్యూయార్క్‌లో అడుగుపెడితే అదే ఆటకు అనుమతి లేదు.

దీని విలువ నాకు తెలిసింది అంతకుముందు జరిగిన నష్టం వల్ల. న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరికి వచ్చిన కొత్తలో, ఎక్కడో ద్వీప దేశంలో నమోదైన ఒక సైటులో ఆడేవాణ్ని. లైసెన్సు సంగతి అడగాలన్న ఆలోచనే రాలేదు. గెలిచిన 340 డాలర్లు వెనక్కి తీసుకుందామని నొక్కితే పరిశీలనలో ఉంది అన్నారు. మూడు నెలలు అదే మాట. చివరికి నా ఖాతా తెరుచుకోవడమే మానేసింది. ఎవరికి ఫిర్యాదు చేయాలో వెతికితే, ఆ సైటుకు జవాబుదారీ అంటూ ఈ దేశంలో ఎవరూ లేరని తేలింది. 2011 ఏప్రిల్‌లో ఫెడరల్ ప్రభుత్వం పెద్ద పోకర్ సైట్లపై కేసు పెట్టినప్పుడు వాటిలో ఒకటైన ఫుల్ టిల్ట్‌లో డబ్బు ఇరుక్కున్న అమెరికన్ ఆటగాళ్లకు అది తిరిగి రావడం మొదలైంది 2014లో. వాళ్లకు కనీసం మొదలైంది. ఇప్పుడు నేను ఆడే చోట ఆటగాళ్ల సొమ్మును కంపెనీ ఖర్చులతో కలపకుండా విడిగా ఉంచాలన్నది నిబంధన.

అలాగని లోపాలు లేవనుకోకండి. మొదటిసారి డబ్బు తీయడానికి పదకొండు రోజులు పట్టింది, అదీ నా పేరు వల్ల. డ్రైవింగ్ లైసెన్సులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. బ్యాంకులో ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఉంది, పెట్టిన పేరు రెండు ముక్కలైంది. ఇద్దరూ ఒకరే అని ఒప్పించడానికి పాస్‌పోర్టు, కరెంటు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు మూడుసార్లు పంపాను. ప్రతిసారీ ఒకే జవాబు, అక్షరం మారలేదు. మనవాళ్ల పేర్లు ఇలా ఉండటం కొత్త కాదు, ఇన్నేళ్లలో వాళ్లు నేర్చుకుని ఉండాల్సింది. ఇక వారం మధ్యలో మధ్యాహ్నం పూట టేబుళ్లు ఖాళీగా ఉంటాయి. 2018 మే నుంచి నెవాడా, డెలావేర్ ఆటగాళ్లతో, తర్వాత మిషిగన్‌తో, 2025లో పెన్సిల్వేనియాతో కలిసి ఆడే ఒప్పందం ఉంది. కాని అన్ని సైట్లూ అన్ని రాష్ట్రాలనూ కలపలేదు. చేరే ముందు ఈ సంగతి అడగండి.

రెడ్‌మండ్‌లో ఉండే మా బాబాయి కొడుకు ఒక రాత్రి ఫోను చేశాడు. "అన్నయ్యా, నీ పాస్‌వర్డ్ ఇస్తే నేనూ రెండు ఆటలు ఆడుకుంటాను" అన్నాడు. నేను ఇవ్వలేదు. వాడుండే వాషింగ్టన్ రాష్ట్రంలో ఇంటర్నెట్ జూదం 2006 నుంచి క్లాస్ సి ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. ఆ చట్టాన్ని 2010లో అక్కడి సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. వాడు వీసా మీద ఉన్నాడు, గ్రీన్ కార్డు వరుసలో నిలబడి ఎనిమిదేళ్లయింది. ఐదు డాలర్ల ఆట కోసం ఆ వరుసను పణంగా పెడతారా? నేను కోప్పడ్డానని వాడు నొచ్చుకున్నాడు, అయినా ఆ మాట అనకుండా ఉండలేకపోయాను. మనవాళ్లు చాలామంది అమెరికా అంతటికీ ఒకే చట్టం అనుకుంటారు. కాదు, ఆడే మనిషి ఏ రాష్ట్రపు నేల మీద ఉన్నాడన్నదే లెక్క. ఎవరి ఖాతాలో వారే ఆడాలన్నది అదనపు షరతు.

ఇక తొమ్మిదో నెలలో జరిగింది చెప్పాలి. శుక్రవారం రాత్రి, పిల్లలు పడుకున్నాక, యాభై డాలర్లు వేశాను. ఆట తెరుచుకోలేదు. ఖాతా తెరిచినప్పటి నుంచి మీరు వేసిన మొత్తం 2,500 డాలర్లు దాటింది అని ఒక పేజీ వచ్చింది. పరిమితి పెట్టుకోవచ్చని, ఖాతా మూసేయవచ్చని, సాయం కావాలంటే ఫలానా నంబరని రాసి ఉంది. చదివానని ఒప్పుకుంటేనే ముందుకు వెళ్లనిస్తుంది. ఇది ఈ రాష్ట్రం పెట్టిన నిబంధన.

నేను చాలాసేపు ఆ అంకెను చూస్తూ కూర్చున్నాను. పది, ఇరవై చొప్పున వేశాను కదా, మహా అయితే వెయ్యి ఉంటుందనుకున్నాను. లేచి కాగితం తెచ్చుకుని లెక్క వేస్తే, వెనక్కి తీసుకున్నది 1,610 పోగా, వేసినదాంట్లో తొమ్మిది వందల దాకా పోయింది. అప్పు చేసింది కాదు, ఇంట్లో ఎవరికీ లోటు చేసింది కాదు. అయినా మా ఆవిడకు ఆ కాగితం చూపించేటప్పుడు గొంతు పెగల్లేదు. ఆవిడ అరవలేదు. "వారానికి ఎంతో నువ్వే రాయి" అంది. వారానికి 25 డాలర్లని సైటులో పరిమితి పెట్టాను. తగ్గిస్తే వెంటనే అమలవుతుంది. పెంచాలంటే మాత్రం పాత గడువు తీరేదాకా ఆగాలి. ఈ ఏర్పాటు చేసినవారికి మనిషి మనసు బాగా తెలుసు. ఇంకా గట్టిగా కావాలనుకునేవారు కనీసం 72 గంటలు ఆట ఆపేసుకోవచ్చు, లేదా ఏడాదికో ఐదేళ్లకో తమను తామే నిషేధించుకోవచ్చు. ఆ ద్వీపం సైటు నాకు ఏనాడూ ఇలాంటి అంకె చూపించలేదు. ఎంత పోగొట్టుకుంటే అంత బోనస్ ఇస్తామని అర్ధరాత్రి సందేశాలు పంపేది.

ఐదుకు మూడున్నర ఇస్తాను. పేరు గొడవకు ఒకటి, ఖాళీ టేబుళ్లకు సగం తీసేశాను. చేరదలచినవారు పైసా వేయకముందే డ్రైవింగ్ లైసెన్సులోని పేరు, బ్యాంకులోని పేరు పక్కపక్కన పెట్టి చూసుకోండి. గేమింగ్ విభాగం వెబ్‌సైటులో అనుమతి ఉన్న సైట్ల జాబితా ఉంటుంది, మీ సైటు అందులో ఉందో లేదో వెతకండి. వారం పరిమితి మొదటి రోజే పెట్టండి, నాలాగా తొమ్మిది నెలలు ఆగకండి.